అనంతపురం భూగర్భజలం: ఫిజోమీటరా, ఉపగ్రహమా?

ఫిజోమీటర్ అంటే నీళ్లు తోడటానికి కాదు, మట్టం చూడటానికే వేసిన బోరు. లోపల వేలాడే సెన్సార్ తనపైనున్న నీటి ఒత్తిడిని కొలుస్తుంది. దాన్నిబట్టి నీళ్లు ఎన్ని మీటర్ల లోతులో ఉన్నాయో తేలుతుంది. పక్క చేన్లో మోటరు ఆడితే ఆ దిగుడూ గ్రాఫులో కనబడొచ్చు. చిక్కంతా మన నేలతోనే. అనంతపురం కింద చాలాచోట్ల గట్టి రాయి, నీళ్లుండేది పగుళ్లలో. ఒక బోరులో పుష్కలంగా ఉంటే, గట్టు అవతలి బోరులో దుమ్ము లేస్తుంది!

2002లో నింగికెళ్లిన గ్రేస్ ఉపగ్రహాల జంటది వేరే దారి (2018 నుంచి వాటి వారసులు తిరుగుతున్నాయి). సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి పోతాయి. కింద నీటి బరువు మారితే భూమి వాటిని లాగే బలమూ మారి, ఆ ఎడంలో అతిచిన్న తేడాలొస్తాయి. ఆ తేడాలే నీటి బరువులో మార్పును పట్టిస్తాయి. చెరువు, నేలతడి, భూగర్భజలం అన్నీ కలిపే తూకం. చూపు కూడా వందల కిలోమీటర్లది, ఒక్క ఊరి సంగతి విడిగా చెప్పలేదు. కళ్యాణదుర్గంలో చీనీతోట ఈ వేసవి దాటుతుందా అంటే, నా ఓటు ఫిజోమీటరుకే.