ఉస్మానియా, ఆంధ్ర: తొలి ఏళ్ల లెక్కలు

ఈ రెండు యూనివర్సిటీలకూ వయసులో తేడా ఎనిమిదేళ్లే. ఉస్మానియా 1918లో, ఆంధ్ర 1926లో పుట్టాయి. పుట్టిన తీరు మాత్రం వేరు.

ఉస్మానియా వెనక ఏడో నిజాం ఫర్మానా, ఆయన ఖజానా ఉన్నాయి. చదువంతా ఉర్దూలోనే అన్నారు, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. ఉర్దూలో పాఠ్యపుస్తకాలేవి? అందుకే ముందే అనువాద శాఖ పెట్టి సైన్సు, చరిత్ర పుస్తకాలు ఉర్దూలోకి తెప్పించారు. ఇంత పని ఆ రోజుల్లో మరే భారతీయ యూనివర్సిటీ మీదా పడలేదనుకుంటాను. అయితే హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ కూడా నేర్చుకునే భాషే! 1919లో తరగతులు అద్దె భవనాల్లో మొదలయ్యాయి. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో.

ఆంధ్రది చట్టంతో, చందాలతో నడిచిన కథ. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, సత్యాగ్రహులపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, 1936లో మళ్లీ కట్టమంచే. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి విశాఖ తీరం వదిలి గుంటూరుకు మకాం మార్చాల్సి వచ్చింది.

డబ్బు ధీమాలో ఉస్మానియాదే పైచేయి. ప్రభుత్వాన్ని ఎదిరించి కుర్చీ వదిలే వైస్ ఛాన్సలర్‌ను చూసింది మాత్రం వాల్తేరే.