మెయిల్స్ బాగానే వెళ్తున్నాయి, వెబ్‌హుక్‌లే చుక్కలు చూపించాయి

మా వెబ్ యాప్‌కి ఏడాదిగా ఒక ఈమెయిల్ సర్వీస్ వాడుతున్నాం. పేరు చెప్పను, ఎందుకంటే ఈ తిప్పల్లో చాలావరకు ఏ సర్వీసులోనైనా ఉండేవే. మెయిల్ పంపడం వరకూ వంక పెట్టడానికేం లేదు. వెళ్ళిన మెయిల్ చేరిందా, బౌన్స్ అయిందా (చేరకుండా తిరిగొచ్చిందా), ఎవరైనా స్పామ్ అని కొట్టారా అని మన సర్వర్‌కి కబురు పంపే వెబ్‌హుక్ దగ్గరే అసలు కథ.

సెటప్ పది నిమిషాల పని. యూఆర్ఎల్ ఇచ్చి, కావలసిన ఈవెంట్లకు (చేరింది, బౌన్స్ అయింది లాంటి కబుర్లకు) టిక్ పెట్టి, టెస్ట్ బటన్ నొక్కితే ఒక జేసన్ (ఆ కబురు ఉండే డేటా టెక్స్ట్) ముద్దుగా వచ్చింది, మేమూ మురిసిపోయాం. లైవ్‌కి వెళ్ళాక చూస్తే ఒక్కో రిక్వెస్టులో ఈవెంట్లు గుత్తులు గుత్తులుగా దిగుతున్నాయి. ఒక్కో ఈవెంట్‌కీ డేటాబేస్ అప్‌డేట్ చేసి, అన్నీ అయ్యాకే 200 (‘అందింది’ అనే జవాబు) పంపేలా రాశాం, ఆ తప్పు మాదే. జవాబు ఆలస్యమైతే అందలేదనుకుని వాళ్ళు అదే గుత్తి మళ్ళీ పంపుతారు, దాంతో మన సర్వర్ ఇంకా మెల్లబడుతుంది, వాళ్ళు ఇంకోసారి పంపుతారు. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు క్యూలో పడేసి వెంటనే 200 ఇచ్చేస్తున్నాం, ఈవెంట్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ (అదే ఐడీని రెండోసారి చేరనివ్వని డేటాబేస్ నియమం) పెట్టాక డూప్లికేట్ల గొడవా పోయింది.

అంతకన్నా విసిగించింది ఈవెంట్లు వచ్చే వరస. ఒకాయన రిజిస్టర్ అయ్యేటప్పుడు అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొట్టాడు. 550 5.1.1, అంటే అలాంటి మెయిల్‌బాక్సే లేదని బౌన్స్ వచ్చింది, మేం స్టేటస్ మార్చాం. కాసేపటికి అదే మెయిల్ తాలూకు ‘పంపాం’ అనే పాత ఈవెంట్ తీరిగ్గా వచ్చి దాన్ని చెరిపేసింది. ఇంకేముంది, లేని అడ్రస్‌కి రోజూ మెయిల్ పంపుతూనే ఉన్నాం, బౌన్స్ రేటు పెరిగి టెన్షన్ మొదలయ్యాక గానీ ఎవరూ చూడలేదు. వచ్చిన వరస నమ్మొద్దు, ఈవెంట్‌లోని టైమ్‌స్టాంప్ చూడమని డాక్యుమెంటేషన్‌లో ఉంది, ఎక్కడో అడుగున ఒక్క వాక్యం. అదీ సెకన్లలోనే ఇస్తారు, రెండు ఈవెంట్లు ఒకే సెకనులో పడితే మళ్ళీ మొదటికే. అందుకే హార్డ్ బౌన్స్ (ఇక ఎప్పటికీ చేరదనే బౌన్స్), స్పామ్ ఫిర్యాదు ఒకసారి పడితే ఇక ఏ ఈవెంట్ వచ్చినా మార్చనివ్వట్లేదు.

సిగ్నేచర్ చెకింగ్‌కి, అంటే కబురు నిజంగా ఆ సర్వీసే పంపిందా అని చూడడానికి, సగం రోజు పోయింది. మా ఫ్రేమ్‌వర్క్ జేసన్‌ని ముందే విప్పేస్తోంది, దాన్ని మళ్ళీ కట్టి హెచ్‌మ్యాక్ (రహస్య కీతో వేసే ఆ సంతకం) లెక్కేస్తే ఖాళీలు, అక్షరాలు అటూ ఇటూ అయి కుదిరి చావదు. విప్పకముందు బాడీ ఎలా వచ్చిందో అలాగే తీసుకోవాలి.

‘ఓపెన్’ ఈవెంట్లు (మెయిల్‌లోని బొమ్మ లోడ్ అయితే తెరిచారని చెప్పేవి) మాత్రం దండగ. 2021లో యాపిల్ మెయిల్ ప్రైవసీ ఫీచర్ వచ్చాక మనిషి చూసినా చూడకపోయినా బొమ్మలు ముందే లోడ్ అవుతున్నాయి, ఇక ఆ లెక్క ఎలా నమ్ముతాం? ఆఫీసుల్లో సెక్యూరిటీ స్కానర్లు లింకులు కూడా నొక్కేస్తాయి.

పంపడానికి 5కి 4, వెబ్‌హుక్‌లకి 2. ఒక రాత్రి మా సర్వర్ పడిపోతే కొన్ని గంటలు ప్రయత్నించి వదిలేశారు, ఆ ఈవెంట్లు మళ్ళీ పంపించుకునే బటన్ ఎక్కడా లేదు. అదొక్కటి పెడితే ఇంకో స్టార్ ఇస్తా.