సెకండ్ హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్: అన్నీ బానే ఉన్నాయి, ఆ పవర్ సప్లై ఒక్కటే...

ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న సైజు డెస్క్‌టాప్ ఒకటి కొని చాలా కాలం వాడాక రాస్తున్నా. ఇంటెల్ ఐ5 8500 ప్రాసెసర్ ఉన్నది, మిగతా స్పెక్స్ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేద్దాం. కంపెనీ పేరు చెప్పను, ఈ సైజు పెట్టెల్లో చాలా బ్రాండ్లది ఇదే కథ. నేను చెప్పాల్సింది దాని పవర్ సప్లై గురించి, అంటే గోడ నుంచి వచ్చే కరెంటుని లోపలి పార్టులకి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా, దాని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ముందు మంచే చెప్తా. వచ్చినప్పుడు 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్ ఉంది, పక్కన ఇంకో 8 పెట్టగానే తేడా కళ్ళకి కనపడింది, ఎందుకంటే దీంట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే ఆ ర్యామ్‌ని వాడుకుంటుంది, రెండు స్టిక్‌లు ఉంటే రెండు దారుల్లో డేటా వెళ్తుంది. హార్డ్ డిస్క్ పీకేసి ఎస్ఎస్‌డీ వేశా, ఇక దాని స్పీడు గురించి మాట్లాడక్కర్లేదు. కొత్తలో సౌండే లేదని కనపడిన వాళ్ళందరికీ చెప్పా. ఇప్పుడు చెప్పమంటే, బ్రౌజర్, ఎక్సెల్ వరకు సౌండ్ లేదు అంటా. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే ఆ చిన్న ఫ్యాన్ చేసే గోలకి పక్క గదిలో వాళ్ళు కూడా ఏమైందని అడుగుతారు.

ఒకరోజు మామూలుగా పని చేసుకుంటుంటే టప్‌మని ఆగిపోయింది. మళ్ళీ బటన్ నొక్కితే లైటు రాదు, ఫ్యాన్ తిరగదు. ప్లగ్ మార్చా, కేబుల్ మార్చా, ర్యామ్ తీసి పెట్టా, మదర్‌బోర్డు మీద ఉండే ఆ బిళ్ళ బ్యాటరీ కూడా తీసి చూశా. ఉహూ. సప్లై వెనకాల కరెంటు వైరు గుచ్చే చోట ఓ బుల్లి బటన్, దాని పక్కన పచ్చ లైటు ఉంటాయి, సప్లై బాగుంటే బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు లైటు వెలగాలి. నాది ఒక్క క్షణం మిణుక్కుమని ఆరిపోయింది. బోర్డుకి వెళ్ళే వైర్లన్నీ పీకేసి నొక్కినా అంతే, అంటే బోర్డు తప్పేం లేదు, పోయింది సప్లైయే.

సర్లే, సప్లైయే కదా, పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లోది ఒకటి ఖాళీగా పడి ఉంది, మార్చేద్దాం అనుకున్నా. అక్కడే అసలు సినిమా మొదలైంది. ఆ మామూలు సప్లైకి ఉండే 24 పిన్నుల కనెక్టర్ పట్టే చోటు ఈ బోర్డు మీద ఎక్కడా లేదు, దాని బదులు 6 పిన్నులది ఒకటి, 4 పిన్నులది ఒకటి, అంతే. డిస్కులకి కరెంటు కూడా సప్లై నుంచి రాదు, మదర్‌బోర్డు నుంచి వీళ్ళదే ఓ స్పెషల్ వైరు ద్వారా వెళ్తుంది, అది పోతే ఇంకో తలనొప్పి. సరే వైర్ల సంగతి ఎలాగోలా చూద్దాం అనుకున్నా సైజు కుదరదు, సప్లై పొడవుగా సన్నగా ఉంటుంది, స్క్రూ రంధ్రాలు కూడా వేరే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చిందే ఎవరి సప్లై అయినా ఎవరి డబ్బాలో అయినా పట్టాలని, ఇన్నేళ్ళ తర్వాత కూడా వీళ్ళకి సొంత సైజే కావాలి! బోర్డుకి 12 వోల్టులు ఒక్కటే ఇచ్చి మిగతా వోల్టేజ్‌లు బోర్డే తయారు చేసుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు తక్కువ తాగుతుందట, నిజమే, ఒప్పుకుంటా. ఆ కనెక్టర్ అయినా అందరూ ఒకటే పెట్టి చావొచ్చుగా.

24 పిన్నుల నుంచి 6 పిన్నులకి మార్చే అడాప్టర్ కేబుళ్ళు దొరుకుతాయి, కానీ చూసి కొనాలి, మామూలు సప్లై స్టాండ్‌బైలో, అంటే ప్లగ్ పెట్టి సిస్టమ్ ఆన్ చేయకుండా ఉన్నప్పుడు, 5 వోల్టులే ఇస్తుంది, కొన్ని బోర్డులకి అప్పుడు కూడా 12 దాకా కావాలి, అందుకే ఆ రకం అడాప్టర్ల మధ్యలో వోల్టేజ్ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అలాంటిది తెప్పించి, డబ్బా మూత తీసేసి, పాత సప్లైని టేబుల్ మీద బయట పెట్టి నడిపా. ఆపరేషన్ మధ్యలో లేచొచ్చిన పేషెంట్‌లా ఉండేది చూడ్డానికి, పైగా లోపలంతా దుమ్ము. చివరికి అదే మోడల్ బోర్డు కాలిపోయినది ఒకటి పార్టుల కింద అమ్ముతుంటే దాంట్లోంచి సప్లై తీయించుకుని, పార్ట్ నంబర్ అక్షరం అక్షరం సరిచూసుకుని బిగించా. అప్పట్నుంచి నడుస్తోంది. అయితే అది కూడా వాడేసిందే కదా, ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను.

గేమ్స్ కోసం కొనే వాళ్ళకి ఇదే సప్లై ఇంకో రకంగా అడ్డం. నాది 200 వాట్లది, గ్రాఫిక్స్ కార్డుకి వేరే పవర్ వైరే లేదు, బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతో బతికే సగం ఎత్తు కార్డులే పడతాయి, జీటీఎక్స్ 1650, ఆర్ఎక్స్ 6400 లాంటివి, అవి కూడా సగం ఎత్తు వెర్షన్ వెతుక్కోవాలి.

కొనొచ్చా అంటే, నాకైతే నడిచింది. నేను గేమ్స్ ఆడను, ఇది పడుకున్న రోజుల్లో లాప్‌టాప్ మీద పని కానిచ్చా, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం సరదా. రోజూ ఆ ఒక్క సిస్టమ్ మీదే పని ఉన్న వాళ్ళకి మాత్రం ఇదే కంపెనీల్లో కొంచెం పెద్ద టవర్ మోడల్ చూడండి, మూత తీసిన ఫోటో అడిగి 24 పిన్నులది ఉందో లేదో చూసుకున్నాకే మాట్లాడండి, కొన్ని టవర్లలో కూడా సొంత కనెక్టరే ఉంటుంది. ఇంకా తక్కువకి ఇంటెల్ 6వ, 7వ తరం ప్రాసెసర్లవి వస్తాయి (నాది 8వ తరం) కానీ వాటిల్లో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్‌తో సపోర్ట్ అయిపోయింది, లైనక్స్ వేసుకుంటానంటే అది వేరే సంగతి. నేనైతే స్పేర్‌గా ఇంకో సప్లై కోసం వెతుకుతున్నా, దొరికినవన్నీ పార్ట్ నంబర్‌లో చివరి అక్షరం దగ్గర తేడా కొడుతున్నాయి.