ఫోర్ట్ కొచ్చి: 4,200 పెట్టిన గది, టికెట్టే లేని చర్చి

కేరళలోని ఫోర్ట్ కొచ్చి వెళ్లేవాళ్లు బోర్డు మీద 'హెరిటేజ్' అన్న మాట చూసి గది బుక్ చేయకండి. మేం దిగిన చోట రాత్రికి టాక్స్‌తో కలిపి 4,200 తీసుకున్నారు. డచ్చివాళ్ల నాటి ఇల్లట. ఆ నాటి గోడలకు సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టారు. సున్నం పూతైతే గోడలోని చెమ్మ బయటికి పోతుంది. సిమెంటు కప్పేస్తే లోపలే ఉండి పూతను పొక్కిస్తుంది. తెల్లారేసరికి అక్క దిండు మీద పెయింటు పెచ్చులు, ఉప్పులాంటి తెల్లపొడి. బావగారు ఓనర్ని నిలదీస్తే "ఓల్డ్ బిల్డింగ్ కదా సార్" అని నవ్వాడు. గది మార్చాలంటే ఇంకో 800 అట! ఇక ఆ రోజంతా బావగారితో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ చిరాకుతోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి నడిచాం. పాత కట్టడాన్ని ఎలా ఉంచుకోవాలో ఆ ఓనర్ వచ్చి ఇక్కడ చూడాలి. పోర్చుగీసువాళ్లు 1503లో చెక్కతో కట్టుకున్న చర్చి ఇది. 1516 నాటికి పక్కా కట్టడంగా మళ్లీ లేచింది. 1663లో ఊరు డచ్చివాళ్ల చేతికొచ్చింది. వాళ్లు విగ్రహాలు ఒప్పుకోని ప్రొటెస్టెంట్లు కాబట్టి లోపలి విగ్రహాలూ బలిపీఠాలూ తీసేశారు గానీ కట్టడం జోలికి పోలేదు. 1779లో మరమ్మతు చేయించి, ఆ సంవత్సరాన్ని పడమటి గుమ్మం పైన చెక్కించారు. తర్వాత ఇంగ్లీషువాళ్లొచ్చారు, 1804లో చర్చి ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ చర్చి శాఖవాళ్ల) పరమైంది. 1923 నుంచి రక్షిత కట్టడం, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ల ప్రార్థనలు జరుగుతున్నాయి.

నాకు బాగా నచ్చింది గోడలకు బిగించిన సమాధి రాళ్లు. ఒకప్పుడు అవి నేలలో ఉండేవి. అందరి కాళ్ల కింద అరిగిపోకుండా 1886లో పైకి తీశారు. ఉత్తరం గోడకు పోర్చుగీసువి, దక్షిణం గోడకు డచ్చివి. కొన్నిటి మీద అక్షరాలు వేలితో తడిమితే గానీ తెలియవు. అక్క ఒక్కో రాయి దగ్గరా ఆగిపోతుంటే బావగారు బయట చెట్టు కింద వాచీ చూసుకుంటూ కూర్చున్నారు.

జనమంతా వాస్కో డ గామా రాయి చుట్టూ ఉన్న కంచె దగ్గరే. 1524లో ఆయన్ని పాతిపెట్టింది ఇక్కడే, కానీ పద్నాలుగేళ్లకే అస్థికల్ని పోర్చుగల్ తీసుకుపోయారు. ఖాళీ సమాధితో సెల్ఫీకి అంత తోపులాట దేనికో! దానికన్నా తలెత్తి గుడ్డ పంకాలు చూడండి. తాళ్లు గోడ బయటికి వెళ్తాయి, లాగే మనిషి అక్కడ ఎండలో ఉండేవాడు, గాలి మాత్రం లోపలి దొరలకు.

గది ఎర్నాకుళంలో తీసుకోవడం మేలు. అక్కడ హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో పడవ ఎక్కితే ఫోర్ట్ కొచ్చిలో హాయిగా దిగిపోవచ్చు. ఆటోవాళ్లు 'ఫ్రీగా తిప్పుతా' అంటే మసాలా దుకాణాలకు తీసుకెళ్తారు, ఎక్కొద్దు. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, చూడడానికే అయితే వేరే రోజు పెట్టుకోండి.