చెట్ల ఎత్తు కొలిచే లేజర్: పద్నాలుగు నెలలు వాడాక

ముప్పై ఒక్కేళ్ళు పొలాల గట్ల మీద గొలుసు లాగి రిటైరైన సర్వేయర్ని. ఉండేది గుంటూరు బ్రాడీపేట. 66 అడుగులు, 100 లింకుల గుంటర్ చైను మీద చెయ్యి తిరిగిన చివరి బ్యాచ్ మాదేననుకుంటా. (మా గుంటూరుకీ ఆ గుంటర్ దొరకీ ఏ చుట్టరికమూ లేదు. ఉందనే మా చైన్‌మ్యాన్ చివరిదాకా నమ్మాడు.) ఇంట్లో ఊరికే కూర్చోలేక ప్రైవేటు పనులు పట్టుకుంటుంటే వచ్చేవన్నీ చెట్ల తగాదాలే. పక్కింటి నిద్రగన్నేరు కూలితే మా మేడ మీద పడుతుందా, రోడ్డు మీద పడుతుందా తేల్చండి సార్ అంటారు. దానికి ముందు చెట్టు ఎత్తెంతో తేలాలి కదా.

అందుకని విజయవాడ గవర్నర్‌పేటలో సర్వే సామాన్లమ్మే ఒక కొట్లో ఈ మిషను కొన్నా, జీఎస్టీతో కలిపి 41 వేలు. కంపెనీ పేరు రాయను. ఒంటికన్ను దుర్బిణిలా ఉంటుంది, జేబులో పడుతుంది. లేజరుతో దూరం, లోపలున్న సెన్సరుతో కోణం తీసుకుని ఎత్తు తానే లెక్కగట్టి చూపిస్తుంది. కొట్టతను మూడు పాయింట్ల పద్ధతి చూపించి, "అందరూ ఇదే వాడతారు సార్, మిగతావి మీకక్కర్లేదు" అన్నాడు. నమ్మేశా.

దుగ్గిరాల దగ్గర మా బావమరిది పొలంలో, కళ్ళం పక్కన ఒక కొబ్బరి చెట్టుంది. బాగా వాలిన చెట్టు. మానుకి 20 మీటర్ల దూరంలో, అది వాలిన వైపే నిలబడి కొలిస్తే మొవ్వు దాకా 17.4 మీటర్లంది. అంతుంటుందా అని అనుమానమొచ్చి, ఎందుకైనా మంచిదని రెండు పాయింట్ల పద్ధతికి మార్చి చూస్తే 15.0 అంది. ఒకే మిషను, ఒకే చెట్టు, నా కాళ్ళు అంగుళం కదల్లేదు. రెండున్నర మీటర్లు ఎటు పోయినట్టు?

కాయలు దింపే కుర్రాణ్ణి పిలిపించా. "ఏంది సార్, కాయలొద్దా? టేపు కట్టుకుని ఎక్కాలా?" అని నవ్వి, ఎక్కాడు. టేపు కొసకి బరువు కోసం ఒక నట్టు కట్టించా. మొవ్వు మొదట్లో కూర్చుని వదిలాడు. గాలికి అటూ ఇటూ ఊగి, కాసేపటికి నిలిచింది. నట్టు నేలకి తగిలింది మాను మొదట్లో కాదు, మూడు మీటర్లు ఇవతల, నా వైపు. పైనుంచి అతను చదివి చెప్పింది 14 మీటర్ల 86 సెంటీమీటర్లు. ఏమీ దింపకుండా ఊరికే ఎక్కి దిగినందుకు రెండొందలు తీసుకున్నాడు.

ఆ మూడు మీటర్లే కిటుకంతా. మూడు పాయింట్ల పద్ధతిలో లేజరు మాను దూరం ఒక్కటే కొలుస్తుంది. మొదలుకీ కొసకీ కోణాలు మాత్రం తీసుకుని, కొస సరిగ్గా మాను నెత్తినే ఉందనుకుని టాన్‌తో గుణించేస్తుంది. సెల్ టవరుకైతే సరే. చెట్టుకెవరు చెప్పారు నిటారుగా నిలబడమని? రెండు పాయింట్లలో లేజరు మొదలునీ కొసనీ నేరుగా తాకుతుంది, ఆ ఏటవాలు దూరాన్ని సైన్‌తో గుణిస్తుంది. కొస ఎటు వాలినా దానికి ఫరక్ పడదు. అసలు కొస మనకి కనపడకపోతే తక్కువ చూపిస్తుందేమో గానీ, లేని ఎత్తు పుట్టించదు.

పోయిన వేసవిలో అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు మిషను కూడా పట్టుకెళ్ళా. మా ఆవిడ ఆవకాయ సీసా తీయించి మరీ పెట్టానని ఇప్పటికీ సాధిస్తోంది. శాన్ హోసే నుంచి రోజంతా కారులో ఉత్తరానికి పోతే రెడ్‌వుడ్ నేషనల్ పార్కు. లోకంలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టు హైపీరియన్ అక్కడే ఉంది. 2006లో క్రిస్ అట్కిన్స్, మైకేల్ టేలర్ అనే ఇద్దరు కనిపెట్టారు. తర్వాత స్టీవ్ సిల్లెట్ అనే శాస్త్రవేత్త పైకెక్కి టేపు వదిలితే 115.55 మీటర్లు. మా కుర్రాడు చేసిన పనే! మన స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు, ఈ చెట్టు దాదాపు 380. చూద్దామంటే లేదు. జనం తొక్కి దాని చుట్టూ నేల పాడుచేస్తున్నారని 2022లో ఆ చోటు మూసేశారు, వెళ్తే అయిదు వేల డాలర్ల దాకా జరిమానా, జైలు కూడానట.

లేడీ బర్డ్ జాన్సన్ వనంలో బాట మీదే నిలబడి ఇంకో చెట్టు పట్టా. మొదట మిషను దూరం 6 మీటర్లంది. చెట్టు ఎక్కడో ఉంటే ఇదేంటని చూస్తే, ముందున్న ఫెర్న్ ఆకులకి తగిలి లేజరు వెనక్కొస్తోంది. దూరపు వస్తువునే పట్టమనే సెట్టింగు ఒకటుంది, అడవిలో అది లేకపోతే పని జరగదు. అది పెట్టాక మూడు పాయింట్లలో 95 మీటర్లంది. "మావయ్యగారూ, సూపర్!" అన్నాడు అల్లుడు. రెండు పాయింట్లలో 81. నేను కొస అనుకున్నది కొస కాదు, మా వైపు ముందుకి చాచిన ఒక పెద్ద కొమ్మ. అంటే ఆ చెట్టు 81కి తగ్గదు, ఆపైన ఎంతో నాకు కనపడలేదు. తేడా పద్నాలుగు మీటర్లు, ఇంచుమించు మా బావమరిది కొబ్బరి చెట్టంత.

ఇంకో తంటా ఏందంటే, లోపల అంకెలు నల్లగా పడతాయి. మన ఎండలో బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఆ అడవి చీకట్లో మాను కూడా నల్లగానే ఉంటుందాయె, ప్రతిసారీ ఆకాశం వైపు తిప్పి చదువుకున్నా. బ్యాటరీ సీఆర్2 రకం, గుంటూరులో నాలుగు షాపులు తిరిగినా దొరకలేదు, విజయవాడలో కెమెరాల షాపులో దొరికింది. కొనేటప్పుడే రెండు ఎక్కువ తీసుకోండి. తాడు నాసిరకం, మూడో నెలలోనే తెగింది.

అయిదుకి మూడున్నర ఇస్తా, ఆ కోత నల్ల అంకెలకీ బ్యాటరీకీ. మొన్న గవర్నర్‌పేట వెళ్ళినప్పుడు కొట్టతనికి ఈ రెండు పాయింట్ల సంగతి చెప్పా, వచ్చేవాళ్ళకి అదే చూపించవయ్యా అని. మిషను తిప్పి తిప్పి చూసి, "అది ఇందులో ఉందా సార్?" అన్నాడు.