విదేశాల్లో కారు నడిపేటప్పుడు: గుర్తులు ముందే నేర్చుకోవడం మేలా, ఫోన్‌ను నమ్ముకోవడం మేలా?

పరాయి దేశంలో అద్దె కారు తీసుకునేవాళ్లలో కొందరు బయల్దేరే ముందు కాసేపు కూర్చుని అక్కడి రోడ్డు గుర్తులు చూసుకుంటారు. చాలామంది మాత్రం ఆ పని పెట్టుకోరు. దారి ఫోనే చెబుతుంది, అర్థంకాని బోర్డు వస్తే కెమెరా పెడితే అనువాదం వచ్చేస్తుంది అన్నది వాళ్ల ధీమా. నేను ముందే నేర్చుకోవడం వైపే. ఫోన్‌కూ ఒక చోటుంది కానీ అది నడుస్తున్న కారులో కాదు.

లెక్క చూడండి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. పక్క సీట్లోవాళ్లు ఫోన్ తీసి బోర్డు వైపు పట్టి, వచ్చింది చదివేసరికి నాలుగు సెకన్లు పట్టిందనుకుందాం. వంద మీటర్లు పోయాయి. బోర్డు వెనకబడిపోయింది, అది చెప్పిన మలుపు మీదికొచ్చేసింది. ఇక ఒక్కరే నడుపుతుంటే ఆ ప్రయత్నమే ప్రమాదం.

అసలు చిక్కు వేరే ఉంది. చాలా గుర్తుల్లో అనువదించడానికి మాటే ఉండదు. 1968లో వియన్నాలో కుదిరిన ఒప్పందాన్ని బట్టి యూరప్‌లో చాలా దేశాలు ఆకారంతోనూ రంగుతోనూ మాట్లాడతాయి. ఎర్ర అంచు త్రికోణం జాగ్రత్త అంటుంది, ఎర్ర అంచు గుండ్రం వద్దు అంటుంది, నీలం గుండ్రం ఇలాగే చేయాలి అంటుంది. ఈ మూడూ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. కానీ తెల్ల అంచున్న పసుపు డైమండ్ సంగతి? దాని మీద అక్షరం లేదు, బాణం లేదు, బొమ్మ లేదు. ఈ రోడ్డు మీద ముందు వెళ్లే హక్కు మీదే అని దానర్థం. అదే డైమండ్‌ను నల్ల గీతలతో కొట్టేసి ఉంటే ఆ హక్కు అక్కడితో సరి. జర్మనీలో గానీ ఫ్రాన్స్‌లో గానీ ఆ తర్వాత వచ్చే జంక్షన్‌లో వేరే గుర్తు, సిగ్నల్ లేకపోతే కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, అది చిన్న సందులోంచి వచ్చినా సరే. ఇది కెమెరాను అడిగి తెలుసుకునేది కాదు.

జర్మనీలో ఊరు మొదలయ్యే చోట పసుపు బోర్డు మీద ఊరి పేరు ఉంటుంది. ఫోన్ ఆ పేరే చదివిపెడుతుంది. తెలిసినవాళ్లు మాత్రం బ్రేక్ మీద కాలేస్తారు, ఎందుకంటే వేరే అంకె కనబడేదాకా అక్కడినుంచి స్పీడ్ లిమిట్ 50.

అనువాదం సరిగ్గా వచ్చి కూడా ముంచేది ఇటలీలో. అక్కడ పాత నగరాల నడిబొడ్డున అనుమతి ఉన్న బళ్లకే ప్రవేశం. మొదట్లో వెలిగే బోర్డు మీద ‘వార్కో ఆట్టివో’ అని వస్తుంది. మాటకు మాట పెడితే ‘ద్వారం పనిచేస్తోంది’. తెరిచే ఉందిగా అని లోపలికి పోతారు. పనిచేస్తున్నది కెమెరా! అనుమతి లేకపోతే లోపలికి రావద్దని ఆ మాటకు అర్థం. జరిమానా కాగితం ఇంటికి తిరిగొచ్చిన చాలా రోజులకు అద్దె కంపెనీ ద్వారా దిగుతుంది.

నేర్చుకోవడంలోనూ ఒక గుంట ఉంది. ఒక దేశానివి నేర్చుకుని అన్నిచోట్లా అవే అనుకోకూడదు. ఇందాకటి పసుపు డైమండ్ అమెరికాలో హెచ్చరిక బోర్డుల ఆకారం, లోపల బొమ్మో మాటో ఉంటుంది. ఒకచోట ‘దారి మీదే’ అన్నది ఇంకోచోట ‘జాగ్రత్త’ అవుతుంది. తెల్ల గుండ్రం మీద ఏటవాలుగా నల్ల గీతలుంటే జర్మనీలో అంతకుముందు పెట్టిన ఆంక్షలు తీరిపోయినట్టు. దాదాపు అలాంటి గుర్తే బ్రిటన్‌లో కనబడితే దేశమంతటికీ ఉన్న లిమిట్ మొదలైనట్టు: కారుకు మామూలు రోడ్డు మీద 60, మధ్యలో విభజన ఉన్న రోడ్డు మీద 70, అదీ మైళ్లలో. జపాన్‌లో ఆగమని చెప్పేది తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం. మిగతా చాలాచోట్ల తలకిందుల త్రికోణం చూస్తే దారిస్తే చాలు, జపాన్‌లో చక్రం పూర్తిగా ఆగాలి.

అమెరికాలో బోర్డులు ఎక్కువగా మాటల్లోనే ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు తేలికే. అయినా ‘డు నాట్ పాస్’ అంటే ముందుకు వెళ్లొద్దని కాదు, ఓవర్‌టేక్ చేయొద్దని.

ఫోన్ నిజంగా ఆదుకునేది కారు ఆపాక, పార్కింగ్ బోర్డు దగ్గర. ఎర్ర అంచున్న నీలం గుండ్రంలో ఒకే అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే అసలు ఆగవద్దని ముందే తెలిసుండాలి. కింద ఉండే చిన్న పలకలోని రోజులు, గంటలు తీరిగ్గా అనువదించుకోవచ్చు. అక్కడా ఒక మెలిక: జర్మన్‌లో ‘వెర్క్‌టాక్స్’ను పనిదినాలు అని చూపిస్తుంది, శనివారం సెలవే కదా అనుకుంటాం. అక్కడి లెక్కలో శనివారం కూడా పనిదినమే.

కాబట్టి వెళ్లే దేశపు అధికారిక డ్రైవింగ్ పుస్తకం తెరిచి ఒక సాయంత్రం కేటాయించండి. ముందు మాటలు లేని గుర్తులు చూడండి: ఎవరు ముందు వెళ్లాలో చెప్పేవి, లిమిట్ మొదలూ చివరా చెప్పేవి, లోపలికి రావద్దనేవి. పక్కన కూర్చునేవాళ్లకూ అవే నేర్పండి. ఫోన్ పట్టుకుని ఫొటో తీసేకన్నా, బోర్డు కనబడగానే ‘డైమండ్ కొట్టేశారు, కుడివైపు చూడు’ అని వాళ్లు నోటితో చెబితే అది ఎక్కువ ఉపయోగం.