మట్టిదిబ్బ అన్నాడు!

వరంగల్ కోటకు వెళ్లేవాళ్లు ఆటో మాట్లాడుకునేటప్పుడు ‘మట్టికోట కూడా’ అని అతని నోటితో అనిపించుకున్నాకే ఎక్కండి. మేము హన్మకొండ నుంచి రానూపోనూ రూ.600కు, ‘కోట మొత్తం’ అని బేరం కుదుర్చుకున్నాం. కీర్తి తోరణాలు, ఖుష్ మహల్ చూపించి, గంట దాటగానే హారన్ మోగించడం మొదలుపెట్టాడు. రాతికోట బయట చుట్టూ ఉన్న మట్టిగోడ, అదే మట్టికోట, దాని సంగతేమిటని అడిగాను. “అది మట్టిదిబ్బ సార్, చూడటానికేముంది?” అన్నాడు. కాదంటే ఇంకో రూ.150 ఇమ్మన్నాడు. ఎండకు విసిగిపోయిన మా ఆవిడ “ఇచ్చేయండి, పోదాం” అంది. నేనివ్వలేదు. మాట్లాడుకున్న ఆరువందలూ చేతిలో పెట్టి పంపేశాను. ఆ తరువాత అరగంట ఆవిడ నాతో మాట్లాడలేదు.

తోరణాలు ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. రాతికోటకు సున్నం లేకుండా పేర్చిన బండలు, లోపలివైపు పొడవునా మెట్లు. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి ఎత్తు పెంచిందట.

అక్కడి నుంచి మట్టికోటకు నడిచే వెళ్లాం. మా మామగారు నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. తోరణాల దగ్గర నీడ వెతుక్కుని కూర్చున్నవారు, ఇక్కడ చెప్పులు విడిచి ముందే ఎక్కేశారు. ఒక పెళ్ల తీసుకుని బొటనవేలితో నొక్కారు, నలగలేదు. రాయికేసి కొడితే కాస్త గరుసు రాలింది. “ఇది గోడ కాదు బాబూ, చెరువుకట్ట. ఆ వాలు చూడు!” అన్నారు.

నిజమే. రామప్ప, పాకాల చెరువులకు కట్టలు పోసిన రాజ్యం, శత్రువును ఆపడానికీ చేయి తిరిగిన పనినే నమ్ముకుంది. సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో ఊరి చుట్టూ మట్టి పోశారు. 1310 నాటి ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడి గురించి చెబుతూ, రాతిగుండు తగిలినా ఈ గోడ మీద నుంచి ఎగిరి వెనక్కు పడుతుందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. కవి గొప్పలనుకున్నాను, ఆ పెళ్ల చేతికొచ్చేదాకా.

మామగారు దాన్ని జేబులో వేసుకోబోయారు. “నాన్నా, ఇది మన పొలం కాదు” అంటూ మా ఆవిడ లాక్కుని కింద పెట్టించింది. అప్పుడే మళ్లీ నవ్వింది. వరంగల్ స్టేషన్‌కు షేర్ ఆటోలో మనిషికి రూ.20 అయింది.